బల్లమీద దరువు వేసిన బాలుడు: రాయ్ హేన్స్ జీవితము

తరగతిలో పాఠము సాగుచుండగా వ్రేళ్లతో బల్లమీద దరువు వేయు బాలురు ప్రతి పాఠశాలయందును ఒకరిద్దరుందురు. ఉపాధ్యాయుడు కన్నెఱ్ఱ చేసినపుడు క్షణమాత్రమాగి, ఆయన నల్లబల్లవైపు తిరుగగానే మఱల మొదలిడుదురు. అట్టి బాలుడొకడు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బోస్టను నగరమున నుండెను. ఆ దరువు మానకుండుటచే ఉపాధ్యాయులు వానిని ప్రధానోపాధ్యాయునియొద్దకు పంపిరి. అది నరముల చాంచల్యమే కాని వేఱుకాదని వాని తండ్రి యనుచుండెడివాడు. ఆ బాలుడే పిదప జాజ్ సంగీతములో డెబ్బదియేండ్లకు పైగా డ్రమ్ములు వాయించి, 2024 నవంబరు 12వ తేదీని, తొంబదితొమ్మిదేండ్ల వయస్సున కాలధర్మము నొందిన రాయ్ హేన్స్.

ఈయన చరిత్రను మా చదువరులకు చెప్పవలెనని మాకు తోచుటకు దీర్ఘాయుర్దాయ మొక్కటియే కారణము కాదు. ఈయన తన జీవితమున నెక్కువభాగము ప్రక్కవాద్యగాడుగానే గడపెను. పాట మఱియొకరిది, పేరు మఱియొకరిది, సభికుల చూపును మఱియొకరిమీదనే. అట్లుండియు తన స్వరూపమును పోగొట్టుకొనక, అసూయచే చేతిపని చెడగొట్టుకొనక, ముసలితనమునందు సైతము కొత్తవారితో కొత్తగా వాయింపగలిగెను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము.

జాజ్ అననేమి?

జాజ్ సంగీతము ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమందు నల్లజాతివారి నడుమ రూపొందెను. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతి యొద్ద పొలముపనుల పాటలును, దేవాలయ కీర్తనలును, బ్లూస్ అనబడు దుఃఖగీతములును ఉండెను. వీనికి సైనికుల బ్యాండులలోని ఐరోపా వాద్యములు తోడయ్యెను. ఈ కలయికయందు జనించిన సంగీతము కొలదికాలములోనే చికాగో, న్యూయార్కు నగరములకును, అటుపిమ్మట ప్రపంచమంతటికిని వ్యాపించెను.

దీని ముఖ్యలక్షణము మన సంగీతవిద్వాంసులు మనోధర్మమని చెప్పు గుణమే. అందఱు నెఱిగిన యొక పాటను మొదట కలసి వాయింతురు. పిదప ఒక్కొక్కరు వంతుచొప్పున ఆ పాట చట్రములోనే తమ యూహకు తోచిన స్వరములను అప్పటికప్పుడు కల్పించి వాయింతురు. ఆ చట్రము తఱుచుగా పన్నెండు గాని ముప్పదిరెండు గాని తాళావర్తములుగలదై, చక్రమువలె మఱలమఱల తిరుగుచుండును. చక్రమెచ్చట ముగిసి యెచ్చట మొదలగుచున్నదో గుర్తుచేయుచు, వాయించువారిని తట్టి లేపుచు, తప్పిపోయినవారిని దారికి తెచ్చుచు నుండుట డ్రమ్ములవాని పని. మన కచేరీలలో మృదంగ విద్వాంసుడు చేయు కార్యమునకును దీనికిని దగ్గఱి పోలిక కలదు.

నాలుగు అవయవముల పని

పూర్వము వీధి బ్యాండులలో పెద్ద డ్రమ్మును ఒకడును చిన్నదానిని మఱియొకడును వాయించెడివారు. బ్యాండు నాట్యశాలలలోనికి వచ్చిన పిదప ఒక్కడే కూర్చుండి యన్నిటిని వాయించు పద్ధతి యేర్పడెను. 1909లో చికాగో నగరమందు లుడ్విగ్ సోదరులు పెద్ద డ్రమ్మును కాలితో వాయించుటకు చక్కని తొక్కుడుమీటను చేయుటచే ఆ పద్ధతి స్థిరపడెను. నేటి కూర్పులో కుడికాలు పెద్ద డ్రమ్మును మ్రోగించును. ఎడమకాలు రెండు కంచుపళ్లెములను ఒకదానితో నొకటి తాకించును. దీనికి హైహ్యాట్ అని పేరు. ఎడమచేయి, అడుగున సన్ననితీగలు బిగించిన స్నేరు డ్రమ్మును వాయించును. కుడిచేయి, ఎత్తున వ్రేలాడు సింబలు అను పెద్ద కంచుపళ్లెమును పుల్లతో తాకుచుండును.

మొదటి తరమువారు నడకనంతయు పెద్ద డ్రమ్ముమీదనే నిలిపిరి. అది దండు నడచినట్లుండెను. 1930 ప్రాంతములలో కౌంట్ బేసీ బృందమందలి జో జోన్స్ ఆ భారమును హైహ్యాట్ మీదికి మార్చి నడకను తేలికపఱచెను. 1940 తరువాత కెన్నీ క్లార్క్ దానిని సింబలుమీదికి తెచ్చెను. అందుచే కుడికాలికిని ఎడమచేతికిని విరామము కలిగి, అవి నడుమనడుమ మాట కలుపునట్లు పలుకసాగెను. రాయ్ హేన్స్ ఇంకొక అడుగు ముందునకు వేసెను. సింబలుమీదను హైహ్యాట్ మీదను సైతము ఒకే దరువు నెడతెగక వేయనక్కఱలేదనియు, నాలుగవయవములును లయను పంచుకొనవచ్చుననియు ఆయన తన వాయిద్యముచే చూపెను. దెబ్బ వినబడనిచోటను కాలము మాత్రము తప్పదు. స్నేరు డ్రమ్ముమీద ఆయన దెబ్బలు ఎండుపుల్లలు విఱిగినట్లు స్పష్టముగా పలుకుటచే తోడివారాయనకు ‘స్నాప్ క్రాకిల్’ అను ముద్దుపేరు పెట్టిరి.

చదువరులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. నలుగురు విద్యార్థులు కూర్చుండి సమమైన నడకతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కించుచు మొదట ప్రతి యంకెకును చప్పట్లు కొట్టవలెను. పిదప రెండవ, నాలుగవ యంకెలకు మాత్రమే కొట్టవలెను. అటుపిమ్మట రెండు వరుసలు పెదవి కదపక, చేయి కదపక మనస్సులోనే లెక్కించి, మూడవ వరుస మొదటి యంకెకు నలుగురును ఒక్కసారిగా చప్పట్లు కొట్టవలెను. మొదటి ప్రయత్నమున నలుగురి చేతులును కలియుట యరుదు. మౌనమున కాలమును మోయుట దెబ్బకొట్టుటకంటె కష్టమని అప్పుడు తెలియగలదు. హేన్స్ విద్యకు మూలమిదియే.

బాల్యము, గురువులు

రాయ్ హేన్స్ 1925 మార్చి 13వ తేదీని బోస్టనులోని రాక్స్‌బరీ పేటయందు జన్మించెను. తలిదండ్రులు బార్బడోస్ ద్వీపమునుండి వలసవచ్చినవారు. ఆయన తమ్ముడు మైకేల్ హేన్స్ దైవసేవకు పూనుకొని, రాక్స్‌బరీలోని ట్వెల్త్ బాప్టిస్టు సంఘమునకు 1965 మొదలు 2004 వఱకు పాదిరిగా నుండెను. మార్టిన్ లూథర్ కింగు బోస్టను విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన దినములలో ప్రసంగములు చేసిన సంఘము అదియే. ఒకే యింట పుట్టిన యన్నదమ్ములలో ఒకడు వేదికమీద డ్రమ్ములును ఒకడు వేదికమీద వాక్యమును పట్టి, ఇరువురును దీర్ఘకాలము తమ పనిని విడువకుండిరి.

బాలుడైన రాయ్‌కి పాఠములు చెప్పినవారిలో హెర్బర్ట్ రైట్ అను పొరుగువాడొకడు. ఇతని కథ విషాదకరమైనది. మొదటి ప్రపంచయుద్ధమున నల్లజాతి సైనికుల బ్యాండును నడిపి ఫ్రాన్సుదేశమున కీర్తిగాంచిన జేమ్స్ రీస్ యూరప్ అను నాయకుని బృందములో ఇతడు డ్రమ్ములు వాయించెడివాడు. 1919లో బోస్టనులో కచేరీ జరుగుచుండగా కోపావేశమున నాయకునే కత్తితో పొడిచెను; ఆ గాయముచే యూరప్ మరణించెను. రైట్ చెఱసాలకు పోయి 1927లో విడుదలయయ్యెను. పిదప రాక్స్‌బరీలో కాపురముండి పొరుగు పిల్లవానికి డ్రమ్ములు నేర్పెను. చేసిన నేరము మాసిపోవునదికాదు. ఆ చనిపోయిన నాయకుని లోటును ఎవరును తీర్పలేదు. అయినను, ఆ చేతులలో మిగిలిన విద్య ఒక బాలునికి చేరి ముప్పాతిక శతాబ్దము పాటలకు తోడయ్యెను. దీనిని మేము వ్యాఖ్యానింపక చదువరుల యోచనకు విడుచుచున్నాము.

అయినను రాయ్ హేన్స్ మనస్సున నిలుపుకొన్న ఆదర్శము, పైని చెప్పిన జో జోన్స్. 1942 నాటికే బోస్టనులో కూలికి వాయించుట మొదలుపెట్టెను. 1945 వేసవిలో మార్తాస్ వినియార్డ్ అను ద్వీపమున వాయించుచుండగా న్యూయార్కునుండి లూయీ రస్సెల్ అను బృందనాయకుడు తన బృందములో చేరుమని ఉత్తరము వ్రాసెను. అప్పటికి హేన్స్‌కు ఇరువదేండ్లు.

ఒక్కొక్కరియొద్ద ఒక్కొక్క పాఠము

రస్సెల్ బృందము న్యూయార్కు హార్లెములోని సవాయ్ నాట్యశాలయందు వాయించెడిది. అచ్చట వందలకొలది జనులు నృత్యము చేయుదురు. కాలము రవంత జాఱినను వారి పాదములే సాక్ష్యము చెప్పును. హేన్స్ అచ్చట నిలుకడ నేర్చెను. 1947లో లెస్టర్ యంగ్ అను శాక్సోఫోను విద్వాంసునితో చేరి రెండేండ్లుండెను. యంగ్ తొందరపడక, మెత్తగా, మాటలాడునట్లు వాయించు మనిషి. ఆయనవెంట చోటు విడుచుట నేర్చెను.

1949లో చార్లీ పార్కర్ బృందమున ప్రవేశించెను. పార్కర్ స్వరములు పిట్టలగుంపు లేచినట్లు త్వరగా పోవును. వానిని వెంబడించువానికి చేతివేగమొక్కటి చాలదు. చెవి ముందు పరుగెత్తవలెను. 1952 వఱకు హేన్స్ ఆయనతో నుండెను. ఆ సంవత్సరముననే డ్యూక్ ఎల్లింగ్టన్ తన సుప్రసిద్ధ బృందములోనికి పిలిచినను ఆయన పోలేదు. తన కొత్తపద్ధతి అందలి పాతవారికి సరిపడకపోవచ్చునని తలంచితినని ఆయన తరువాత చెప్పెను. గొప్పపేరు పిలిచినప్పుడు తన పని అచ్చట ఇముడునా యని ముందుగా విచారించుకొనుట సామాన్యమైన వివేకము కాదు.

1953 మొదలు 1958 వఱకు గాయని సారా వాన్‌తో నుండెను. గాత్రమునకు తోడగుట మఱియొక విద్య. పుల్లలు విడిచి, సన్ననితీగలతో చేసిన కుంచెలతో స్నేరు డ్రమ్మును రాయుచు, ఊపిరిచప్పుడు వంటి ధ్వనిని పుట్టింపవలెను. 1954లో ధ్వనిముద్రితమైన ‘షూలీ ఏ బాప్’ అను పాటలో ఆ గాయని తన బృందమువారిని పేరుపేరున పిలుచును. హేన్స్ పేరు వచ్చినపుడు ఆయన డ్రమ్ములతోనే బదులు చెప్పును. ప్రక్కవాద్యగాని పేరును పాటలోనే నిలిపిన యా గాయని సౌజన్యము మెచ్చదగినది.

1958లో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అను చిన్నశాలలో తెలోనియస్ మంక్ అను పియానో విద్వాంసునితో వాయించెను. మంక్ ఎదురుచూడనిచోట ఆగును, ఎదురుచూడనిచోట పలుకును. 1961 మొదలు 1965 వఱకు, జాన్ కోల్ట్రేన్ బృందమందలి ఎల్విన్ జోన్స్ రాలేనపుడెల్ల ఆయన స్థానమున హేన్స్ కూర్చుండెను. ఎల్విన్ వాయిద్యము సముద్రతరంగమువలె క్రమ్ముకొని వచ్చునది. ఆ పీఠముపై కూర్చున్నవాడు ఆయననే అనుకరింపవలెనని తోచుట సహజము. హేన్స్ అట్లు చేయలేదు. 1963 జూలైలో న్యూపోర్టు సంగీతోత్సవమున ఆయన తన స్పష్టమైన, తేలికయైన పద్ధతితోనే కోల్ట్రేన్ ప్రవాహమును మోసెను. ఆ నాటి ధ్వనిముద్రణ నేటికిని వినవచ్చును. ఒకరిస్థానమున నిలుచుట వేఱు, ఒకరివలె నటించుట వేఱు అను భేదమునకు అది మంచి నిదర్శనము.

ఆలస్యముగా వచ్చిన కీర్తి

ఇంతమంది మహనీయులకు తోడైనను హేన్స్ పేరు చిరకాలము సంగీతజ్ఞుల నడుమనే యుండెను. 1960లో ఒక ప్రసిద్ధ అమెరికను పత్రిక అందముగా దుస్తులు ధరించువారి పట్టికలో ఆయనను చేర్చెను. ఆయన వాయిద్యమునకు పెద్ద గౌరవములు మాత్రము డెబ్బదవయేటి దరిని గాని రాలేదు. 1994లో డెన్మార్కుదేశపు జాజ్‌పార్ బహుమానమును, 1995లో అమెరికా జాతీయ కళానిధి వారి జాజ్ మాస్టర్ బిరుదమును, 2012లో జీవితకాలపు కృషికై గ్రామీ పురస్కారమును వచ్చెను. మొదటి కూలి పుచ్చుకొన్ననాటినుండి లెక్కించినచో మొదటి పెద్ద బిరుదునకు అర్ధశతాబ్దము దాటినది.

నడుమ కాలము సులభమైనది కాదు. 1960 తరువాత యువజనుల మనస్సు రాక్ సంగీతమువైపు మరలుటచే జాజ్ శాలలనేకములు మూతపడెను. నల్లజాతి వాద్యకారులకు దక్షిణ రాష్ట్రములలో హోటళ్లలో గదియు, భోజనశాలలో చోటును నిరాకరింపబడిన దినములను ఆ తరమువారందఱు నెఱుగుదురు. ఆయన తోడివారిలో పలువురు మత్తుపదార్థములచే నశించిరి; చార్లీ పార్కర్ 1955లో ముప్పదినాలుగేండ్లకే మరణించెను. ఇట్టి కాలమున రాయ్ హేన్స్ చేసినదేమనగా, పిలిచినచోటికి పోయి శ్రద్ధగా వాయించుటయే.

చిన్నవారి నడుమ పెద్ద

1968లో చిక్ కొరియా అను ఇరువదియాఱేండ్ల పియానోవాడు తన ధ్వనిముద్రణకు హేన్స్‌ను పిలిచెను. అప్పుడు హేన్స్ నలువదిమూడేండ్లవాడు. ఆ దినమున ఆయన నడుమ బొడిపెలేని, పూర్తిగా సమతలమైన సింబలును వాడెను. సాధారణమైన సింబలు మ్రోత పెరిగి ఇతర వాద్యములను కప్పివేయును. ఇది పుల్లదెబ్బను మాత్రము తేటగా పలికించి ఊరకుండును. అందుచే పియానోస్వరము ఒక్కటియు మఱుగుపడలేదు. ‘నౌ హీ సింగ్స్, నౌ హీ సాబ్స్’ అను ఆ ముద్రణను డ్రమ్ములు నేర్చువారు నేటికిని పాఠ్యగ్రంథమువలె వినుచున్నారు. తన ధ్వనిని తగ్గించుకొని తన కీర్తిని పెంచుకొనుటకు ఇంతకంటె ఉదాహరణము మాకు కనబడలేదు.

అటుపిమ్మట హేన్స్ తన బృందములను తానే నడపెను. 2001లో, పార్కర్ వెంట తాను వాయించిన యర్ధశతాబ్దము పిదప, ఆయన స్మరణార్థమొక ముద్రణ వెలువరించెను. 2004లో వెలువడిన ‘ఫౌంటెన్ ఆఫ్ యూత్’ నాటికి ఆయన వయస్సు డెబ్బదితొమ్మిదేండ్లు. తోడివారందఱు ఆయనకు మనుమల వయస్సువారు. ఆయన స్వంత మనుమడు మార్కస్ గిల్మోర్ సైతము పేరెన్నికగన్న డ్రమ్ములవాడయ్యెను. తొంబదేండ్లు దాటిన పిదపను ఆయన తన జన్మదినమును న్యూయార్కులోని వేదికమీద వాయించుచు గడపెను.

అభ్యాసమునుగూర్చి ఆయన చెప్పిన మాట యొకటి తెలియదగినది. చిన్ననాడు తాను మిక్కిలి అభ్యసించితిననియు, పెద్దయైన పిదప వైద్యునికి చికిత్స చేయుటయే అభ్యాసమైనట్లు తనకు కచేరీయే అభ్యాసమనియు ఆయన చెప్పెను. మా విద్యార్థులలో చురుకైనవారు రెండవ సగమునే జ్ఞాపకముంచుకొందురేమో యని మా భయము. మొదటి సగము లేక రెండవది లేదు. ఇంకొకటియు చెప్పెను: కొన్నాళ్లు వాయింపక వేదిక యెక్కినపుడు బోనునుండి విడిచిన సింహమువలె నుండుననియు, అయినను అతిగా వాయింపకుండుటకై తన్ను తానాపుకొందుననియు. బలము గలవాడే ఆపుకొనవలసినవాడు. బలహీనునకు ఆపుకొనుటకేమున్నది?

ముగింపు

ఇక బల్లమీది దరువు సంగతి. మేమును ఉపాధ్యాయులము. ప్రక్కవాని చదువునకు భంగమగునప్పుడు ఆ చప్పుడును ఆపవలసినదే. ఆ బోస్టను ఉపాధ్యాయులు చేసినది తప్పని మేమనజాలము. కాని ఆపిన పిదప, సాయంకాలమున ఆ బాలుని పిలిచి, నీ వ్రేళ్లలో నున్నదేమని యడుగవలసిన బాధ్యత మాకు కలదు. తలిదండ్రులకును కలదు. చాంచల్యమని మనము తలంచునది ఒక్కొక్కప్పుడు దారి దొరకని శక్తియై యుండవచ్చును. దరువు వేయు ప్రతి బాలుడును రాయ్ హేన్స్ కాడు. అయినను ఎవడు కాడో ముందుగా చెప్పగలవారు మాలో లేరు.

విద్యార్థులారా, మీలో పెక్కండ్రు పాటకు నాయకులు కారు, తోడువాద్యములే యగుదురు. ఆస్పత్రిలో వైద్యునిప్రక్కను, కార్యాలయమున అధికారిప్రక్కను, పొలమున అన్నప్రక్కను, సంఘములో పెద్దలప్రక్కను నిలిచి పని చేయుదురు. అప్పుడు మీ పేరు తలంపబడనినాడు నొచ్చుకొని దెబ్బ తప్పించినచో పాట చెడును. పాటతోకూడ మీరును చెడుదురు. ఎదుటివాడు పలుకుచున్నది శ్రద్ధగా విని, అతనికి కావలసినచోట బలమిచ్చి, అక్కఱలేనిచోట చోటు విడిచి, మీ స్వరమును మాత్రము ఎవరికొఱకును మార్చుకొనకుండుడు. వినువాని విద్య పాతబడదు. ఈ సత్యమును తొంబదితొమ్మిదేండ్లు బ్రతికి చూపిన యొక ప్రక్కవాద్యగాని పేరు, ఇంతటినుండియైనను, మా పాఠశాలలో వినబడుగాక.